తాలీసాది చూర్ణంలో ఉన్నది ఏ ఆకు? హిమాలయాల పొట్టి పొద మీద రెండు నిందలు

దగ్గు మొదలైతే మా ఇంట్లో ముందు బయటికొచ్చేది తాలీసాది చూర్ణం డబ్బా. అర చెంచా పొడిని తేనెలో రంగరించి నాలుక మీద వేసుకుంటే గొంతు కాసేపు మండుతుంది, తర్వాత హాయిగా ఉంటుంది. మొన్నో రాత్రి దగ్గుతో నిద్రపట్టక డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ఏలకులు, దాల్చినచెక్క అన్నీ వంటింటి చుట్టాలే. వంశలోచనం అంటే వెదురు బొంగులో గట్టిపడే తెల్లటి పదార్థమని విన్నాను. చూర్ణానికి పేరిచ్చిన తాలీసపత్రి దగ్గరే ఆగిపోయాను. అది ఏ చెట్టు ఆకో నాకు తెలీదు. మర్నాడు మూలికల దుకాణంలో అడిగితే ఆయన ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు: "తాలీసపత్రి చెట్టు ఆకేనండి."

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ. మన దేశంలో ఈ ఒక్క పేరు మీద కనీసం నాలుగు వేర్వేరు మొక్కల ఆకులు అమ్ముడవుతూ వచ్చాయి. రెండు సూదుల్లాంటి ఆకులున్న పెద్ద చెట్లవి. మూడోది ముళ్లున్న ఒక పండ్ల చెట్టుది. నాలుగోది నడుము ఎత్తు దాటడం అరుదైన హిమాలయాల పూలపొద ఆకు. చిక్కుముడి విప్పాలంటే ఈ నాలుగోదానితో మొదలుపెట్టాలి. నాలుగింటిలో దాని కథే ఆసక్తికరంగా ఉంది, దాని మీదే అపోహలూ ఎక్కువ.

ముందు చూర్ణం లెక్క చూద్దాం. తాలీసపత్రి 1 భాగం, మిరియాలు 2, శొంఠి 3, పిప్పళ్లు 4, వంశలోచనం 5, ఏలకులు అర, దాల్చినచెక్క అర, పంచదార 32. మొత్తం 48 భాగాలు. పేరు తాలీసానిది, అందులో దాని వాటా నలభై ఎనిమిదింట ఒకటి. మూడింట రెండు వంతులు పంచదారే. "ఆయుర్వేదం కదా, ఏం కాదులే" అని షుగర్ ఉన్న పెద్దవాళ్లకి రోజూ పెట్టే ఇళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే మంచిది.

ఇక పొద సంగతి. శాస్త్రీయ నామం రోడోడెండ్రాన్ ఆంథోపోగాన్. రోడోడెండ్రాన్‌కి తెలుగులో పేరు లేదు, ఉండే అవకాశమూ తక్కువే. మన తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన అర్మ కొండే దాదాపు 1,680 మీటర్లు. ఈ పొద కనిపించాలంటే దానికి రెట్టింపు ఎత్తుకి, అంటే మూడు వేల మీటర్ల పైకి ఎక్కాలి. అక్కడి నుంచి సుమారు 4,500 మీటర్లు దాటేదాకా, కశ్మీర్ వైపు కొండల నుంచి హిమాచల్, ఉత్తరాఖండ్, నేపాల్, సిక్కిం, భూటాన్ మీదుగా టిబెట్ ఆగ్నేయం వరకూ వాలులన్నీ దీనివే. నేపాలీలు సున్‌పాతీ అంటారు. సున్ అంటే బంగారం, పాతీ అంటే ఆకు. సిక్కిం, భూటాన్‌లలో బాలు అని పిలుస్తారు. హిమాచల్ లోయల్లో తాలిస్రీ అనే పేరూ ఉంది. ఈ చివరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఆకు కరివేపాకు రెబ్బ మీది పెద్ద ఆకంత ఉంటుంది, రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. కానీ మందంగా, తోలులా ఉంటుంది. పైన ముదురు పచ్చ, నున్నగా మెరుస్తుంది. తిప్పి చూస్తే కింద గోధుమరంగు. మట్టి అంటుకుందేమో అనుకుని వేలితో తుడిస్తే పోదు. భూతద్దం పెడితే తెలుస్తుంది, అవన్నీ పొలుసులు. ఒక్కోటి పొట్టి కాడ మీద నిలబడ్డ గొడుగులా ఉంటుంది, అంచులు చిరిగిన గుడ్డ పీలికల్లా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇంటికి పెంకులు నేసినట్టు ఆకు అడుగంతా కప్పేస్తాయి. నలిపితే బంక కలిసిన ఘాటు వాసన వస్తుంది. కర్పూరం, దేవదారు కలిపి నూరినట్టుంటుందని చెప్పొచ్చు గానీ, అది పూర్తిగా సరైన పోలిక కాదు.

మే నుంచి జులై వరకూ పూలు. తెలుపు, లేత గులాబీ, కొన్నిచోట్ల లేత పసుపు. మామూలు రోడోడెండ్రాన్ పువ్వు గంటలా విచ్చుకుని కేసరాలు బయటికి సాచి ఉంటుంది. దీనిది సన్నటి గొట్టం, చివర మాత్రమే రేకులు విప్పారతాయి. కేసరాలు గొట్టం లోపలే దాక్కుంటాయి. గొంతు దగ్గర మెత్తటి నూగు. 1821లో స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త డేవిడ్ డాన్ దీనికి పేరు పెట్టింది ఆ నూగు చూసే. గ్రీకులో ఆంథోస్ అంటే పువ్వు, పోగాన్ అంటే గడ్డం. గడ్డం పువ్వు అన్నమాట.

ఇంత చలిలో ఈ మొక్క ఎలా బతుకుతోంది, అదీ ఏడాదంతా పచ్చటి ఆకులతో? కొండ ఎక్కుతుంటే ఈ ప్రశ్నకి జవాబు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. చార్‌ధామ్ యాత్రకి వెళ్లినవాళ్లు దారిలో ఎర్రటి బురాంశ్ షర్బత్ సీసాలు చూసే ఉంటారు. ఆ బురాంశ్ కూడా రోడోడెండ్రానే, నిలువెత్తు చెట్టు, ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. మూడు వేల మీటర్లు దాటేసరికి దాని బంధువు సిమ్రు ఎదురవుతుంది. దాని కొమ్మలు మంచు బరువుకి వంగి, నేలకి జారబడినట్టు పెరుగుతాయి. ఇంకా పైకి వెళ్తే మన గడ్డం పువ్వు పొద, నేలబారు తివాచీలా. అది కూడా ఆగిపోయే చోట రోడోడెండ్రాన్ నివాలె అనే మరో చిన్నది, ఊదారంగు పూలతో, 5,500 మీటర్ల పైన కూడా కనిపిస్తుంది. అన్నీ ఒకే కుటుంబం. ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్లు తగ్గించుకుంటూ పోయింది.

పైన చెట్లు ఎందుకు పెరగవంటే చాలామంది చలికి చచ్చిపోతాయనో, తిండి తయారు చేసుకోలేవనో అనుకుంటారు. విషయం అంతకంటే సూక్ష్మమైనది. సున్నాకి నాలుగైదు డిగ్రీలు పైన ఉన్నా ఆకులు ఎండ పట్టుకుని పిండిపదార్థం తయారు చేస్తూనే ఉంటాయి. ఆ పిండిపదార్థంతో కొత్త కణాలు కట్టుకోవడమే ఆ చలిలో ఆగిపోతుంది. తిండి ఉంది, ఒంటికి పట్టదు. పెరిగే కాలపు సగటు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల చుట్టుపక్కలకి పడిపోయిన చోట చెట్లకి గీత పడుతుంది. ప్రపంచంలో చాలా పర్వతాల మీద ఆ గీత ఇంచుమించు ఇదే లెక్క పాటిస్తుంది.

మరి పొదకి ఆ గీత ఎందుకు వర్తించదు? చెట్టు కొమ్మలు గాలిలో ఉంటాయి. గాలి ఎంత చల్లగా ఉంటే అవీ అంతే చల్లగా ఉంటాయి. నేలని అంటిపెట్టుకున్న పొద సంగతి వేరు. దట్టమైన కొమ్మల మధ్య గాలి కదలదు, ఎండకి వేడెక్కిన నేల వేడి అక్కడే చిక్కుకుంటుంది. పక్కన నిలబడ్డ మనిషి స్వెటర్లో వణుకుతుంటే, మోకాలి కింద పొద లోపల ఎండపూట వాతావరణం చాలా డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. పొట్టితనం దానికి లోపం అనిపించొచ్చు గానీ అదే దాని ఇల్లు.

చలికాలంలో మంచే దానికి దుప్పటి. బయట మైనస్ ఇరవై ఉన్నా మందంగా పేరుకున్న మంచు కింద ఉష్ణోగ్రత సున్నాకి దగ్గర్లోనే నిలుస్తుంది. కిందటి వేసవిలోనే తయారైన పూమొగ్గలు ఆ దుప్పటి కింద నిద్రపోతాయి. అందుకే మంచు కరిగీ కరగగానే పూలు. ఇబ్బంది ఎక్కడంటే, మంచు తక్కువ పడ్డ ఏడాది, లేదా తొందరగా కరిగిపోయిన ఏడాది, మొగ్గలు బయటపడిపోతాయి. తర్వాత ఒక రాత్రి గడ్డకట్టే చలి వస్తే ఆ ఏడు పూత పోయినట్టే. వాతావరణం వేడెక్కుతుంటే చలిమొక్కకి చలిదెబ్బ తగలడం వింతగా ఉంటుంది, కానీ ఎత్తైన కొండల్లో జరిగేది అదే.

ఆకులు రాల్చకపోవడం వెనక ఉన్నది పొదుపు. పెరగడానికి దొరికేది మూడు నాలుగు నెలలు. పుల్లటి, సారం లేని నేల. ఆకుకి కావాల్సిన నత్రజని దొరకడమే కష్టం. కష్టపడి కట్టుకున్న ఆకుని ఏటా పారేసుకోవడం గిట్టుబాటు కాదు కాబట్టి, ఉన్నవాటినే మందంగా చేసుకుని నిలబెట్టుకుంటుంది. వేళ్లలో కాపురముండే ఒక రకం శిలీంధ్రం ఆ నేలలోంచి నత్రజని పిండి ఇస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. ఆకులు ఉంచుకోవడంలో చిక్కు కూడా ఉంది. మంచు పల్చబడ్డ చోట ఎండ ఆకు మీద కొడుతుంది, ఆకులోంచి నీరు ఆవిరైపోతుంది, నేల మాత్రం ఇంకా గడ్డకట్టే ఉంటుంది, వేళ్లకి చుక్క నీరు అందదు. చుట్టూ మంచు, లోపల దాహం. ఆకు అడుగున ఉండే శ్వాసరంధ్రాల మీద పొలుసుల పెంకులు నేసుకున్నది ఇలాంటి సమయాల్లో అక్కరకొస్తుంది. ఘాటు వాసన ఆ పొలుసుల్లోంచే వస్తుంది. పైనీన్, లిమోనీన్ లాంటి నూనెలు వాటిలో ఉంటాయి. మేతకొచ్చిన జంతువులు ఇలాంటి ఘాటాకుని సాధారణంగా ముట్టుకోవు.

మొదటి నింద ఈ వాసన వల్లే పడింది. 1848 నుంచి 1850 వరకు సిక్కిం హిమాలయాల్లో తిరిగిన బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్, అక్కడి భోటియాలనే కొండవాసుల నమ్మకం ఒకటి రాసిపెట్టాడు. ఎత్తైన కనుమలు దాటేటప్పుడు వచ్చే తలనొప్పికి, గుండె మీద బరువు పెట్టినట్టుండే ఆయాసానికి కారణం ఈ పొద, దీని బంధువైన సెటోసమ్ అనే మరో పొద వెదజల్లే వాసనేనని వాళ్ల నమ్మకం.

నవ్వొద్దు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేవాణ్ని. గాలి పీడనం తగ్గడం కంటికి కనిపించదు. 5,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగమే, కానీ గాలి చూడటానికి మామూలు గాలిలాగే ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి దాదాపు 2,500 మీటర్ల పై నుంచి మొదలై, మూడు నాలుగు వేలకి బాగా ముదురుతుంది. సరిగ్గా అక్కడే ఈ పొదలు మొదలవుతాయి. పైకెక్కితే వాసన, వాసనతోపాటు తలనొప్పి. కిందికి దిగితే రెండూ మాయం. ప్రతి ప్రయాణంలోనూ లెక్క కుదురుతుంది. చవితి చంద్రుణ్ని చూసిన కృష్ణుడికి శమంతకమణి నింద పడ్డట్టు, పక్కన ఉన్న పాపానికి పొద మీద పడింది.

దాని వాసనే తలనొప్పి తెస్తుందన్న ప్రాంతాల చుట్టుపక్కలే దాన్ని ధూపంగానూ వేస్తారు. నేపాల్‌లో పూజకి సున్‌పాతీ ఎండాకు నిప్పుల మీద చల్లుతారు. బౌద్ధులు జూనిపర్ కొమ్మలతో కలిపి కాలుస్తారు. నేపాల్‌లో ఈ ఆకుల నుంచి నూనె తీసి విదేశాలకి అమ్ముతారు. సోవా రిగ్పా వైద్యంలో, అంటే 2010లో మన దేశం అధికారికంగా గుర్తించిన టిబెటన్ వైద్య పద్ధతిలో, దీని పూలకీ ఆకులకీ చోటుంది. కాబట్టి ఇది మందుమొక్క కాదని ఎవరూ అనలేరు. తేలాల్సింది ఇది తాలీసమా కాదా అన్నది.

రెండో నింద అక్కడుంది. దీన్ని నింద అనాలో, మారువేషం అనాలో.

సంస్కృత నిఘంటువుల్లో తాలీసానికి పత్రాఢ్యం అనే పేరుంది, ఆకులు మెండుగా ఉన్నది అని. ఇంకో పేరు ధాత్రీపత్రం. ధాత్రి అంటే ఉసిరి. ఒక ఉసిరి రెమ్మ తుంపి చూడండి. సన్నటి కాడకి రెండు పక్కలా చిన్న చిన్న సన్నని ఆకులు, దువ్వెన పళ్లలా వరసగా. తాలీసం అలా ఉండాలి. గడ్డం పువ్వు పొద ఆకు ఎటు తిప్పినా ఉసిరాకులా కనిపించదు. అది కొమ్మ చివర గుత్తిగా పెరిగే వెడల్పాటి ఆకు. హిమాలయాల ఫర్ చెట్టు రెమ్మ మాత్రం పోలిక పట్టేలా ఉంటుంది. ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం కూడా తాలీసం అంటే ఈ ఫర్ ఆకే అని తేల్చింది. అందులో రాసిన పేరు ఏబీస్ వెబ్బియానా. ఇప్పటి పుస్తకాల్లో దాన్నే ఏబీస్ స్పెక్టాబిలిస్ అంటున్నారు. స్పెక్టాబిలిస్ అని దానికి మొదట పేరు పెట్టింది కూడా ఆ డేవిడ్ డానే, 1825లో. అసలు తాలీసానికీ దాని పేరుతో అమ్ముడయ్యే పొదకీ నామకరణం చేసింది ఒకే మనిషి.

అయితే ఉసిరి పోలికతో చిక్కు పూర్తిగా విడిపోదు. యూ అనే ఇంకో చెట్టుకీ అచ్చం అలాంటి రెమ్మలే. ఉత్తరాఖండ్‌లో థునేర్ అంటారు. బెంగాల్ వైపు తాలీసం పేరుతో ఎక్కువగా వాడింది దీన్నే. మన దక్షిణాదిలో ఫ్లకోర్షియా జాతి ముళ్లచెట్టు ఆకు ఆ పేరుతో చలామణీ అయింది. హిమాలయాలు మనకి దూరం, దగ్గర్లో దొరికే ఆకుకి ఆ పేరు పెట్టేసుకున్నారేమో అని నా ఊహ. ఇక వాయవ్య కొండల్లో తాలిస్రీ అనే స్థానిక పేరు ఉండనే ఉంది. కొండవాళ్లు తాలిస్రీ అని కోసుకొచ్చింది వర్తకుడి చేతిలో తాలీసం కావడానికి పెద్ద దూరం లేదు. అందులో మోసం ఉండాల్సిన అవసరమే లేదు. కొండ మీద ఏరినవాడికి అది తాలిస్రీయే. అమృత్‌సర్ లేదా ఢిల్లీ ఖారీ బావోలీలో బస్తా కట్టేసరికి తాలీసపత్ర్. బేగంబజార్ చేరేసరికి తాలీసపత్రి, అప్పటికి ఆకులు సగం పొడై, ముక్కలై, గుర్తుపట్టే ఆనవాళ్లు చాలావరకు పోయి ఉంటాయి.

ఇది పేర్ల పంచాయితీ మాత్రమే అయితే పండితులకి వదిలేసేవాణ్ని. యూ ఆకులో టాక్సీన్ అనే విషపదార్థాలుంటాయి, గుండె లయని దెబ్బతీస్తాయి. అదే చెట్టు కుటుంబం నుంచి క్యాన్సర్ మందు టాక్సాల్ కూడా వచ్చింది, అందుకని హిమాలయాల్లో దాన్ని విపరీతంగా నరికారు. 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటిస్ జాబితాలోకి చేరింది. రోడోడెండ్రాన్లలో చాలావాటికి గ్రేయనోటాక్సిన్ అనే మరో విషం ఉంది. బీపీ పడిపోయి, కళ్లు తిరిగేలా చేసే 'పిచ్చి తేనె' వెనకున్నది ఆ విషమే. చూర్ణంలో ఆకు వాటా నలభై ఎనిమిదో వంతే కాబట్టి అర చెంచాకి హడలిపోనక్కర్లేదు. కానీ వీడియోలు చూసి తాలీసపత్రి కషాయం అంటూ ఉత్త ఆకే గుప్పెడు మరగబెట్టేవాళ్లున్నారు. ఏ ఆకో తెలియకుండా ఆ పని చేయడం నాకు భయంగానే ఉంటుంది.

పొదకి ఈ పేరు వల్ల వచ్చే నష్టం కంటే పొయ్యి వల్ల వచ్చేది ఎక్కువనిపిస్తుంది. చెట్లు లేని ఎత్తులో వంటకి దొరికేది ఇవీ, నేలబారు జూనిపర్లూ. బంక ఉంటుంది కాబట్టి పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది. ఎవరెస్ట్ వైపు దారుల్లో ట్రెక్కింగ్ పెరిగాక ఎత్తుల్లోని పొదలు ఇలా బాగా పలచబడ్డాయి. ఏడాదికి కాస్త కాస్త పెరిగే మొక్క అది. వేళ్లతో పెకలించి టీ కాచుకోవడానికి పావుగంట పడుతుంది, ఆ ఖాళీ పూడటానికి దశాబ్దాలు కావాలి.

"అంత బాగుంటే కుండీలో పెంచుకోవచ్చా?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. స్కాట్లండ్‌లో ఉన్న మనవాళ్లైతే ప్రయత్నించొచ్చు, అక్కడి తోటల్లో ఇలాంటి పొట్టి రోడోడెండ్రాన్లు బాగానే బతుకుతాయి. హైదరాబాద్‌లో మాత్రం వద్దు. వేడి రాత్రులు, సున్నం నిండిన బోరు నీళ్లు, దానికి పడనివన్నీ ఇక్కడ పుష్కలం.

మూలికల దుకాణంలో ఆ రోజు వంద గ్రాములు కొన్నాను. గోరువెచ్చని నీళ్లలో ఒక గంట నానబెడితే ముడుచుకున్న ఆకులు విప్పారాయి. తెల్లటి పళ్లెంలో పరిచి, పిల్లల భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఫర్ ఆకుకి చివర చిన్న నొక్కు ఉంటుంది, అడుగున రెండు తెల్లటి గీతలుంటాయి. యూ ఆకు మొన తేలి ఉంటుంది, తెల్ల గీతలుండవు. ముళ్లచెట్టు ఆకైతే పల్చగా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. పొద ఆకు వెడల్పుగా, అడుగున గోధుమ పొలుసులతో ఉంటుంది, నానినా ఆ పొలుసులు వదలవు. నా పళ్లెంలో ఎక్కువభాగం నొక్కూ, తెల్ల గీతలూ ఉన్నవే. మొన తేలినవి ఒక ఏడెనిమిది ఉన్నాయి, వాటిని చూశాక మిగతాది డబ్బాలోకి పోయకుండా కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను. గోధుమ పొలుసులది ఒక్కటీ లేదు. పొద ఈసారికి నింద తప్పించుకుంది.